పెన్సిల్‌తో రాసిన ఐదు పేజీలు

ఆదివారం, రాత్రి పదకొండు దాటింది.

ఈ వారం వ్యాసం పంపడానికి అర్ధరాత్రి వరకే గడువు. మధ్యాహ్నానికల్లా ముగించి కాసేపు పడుకోవాలని ఉదయం అనుకున్నాను. గిడియన్ కదలనివ్వలేదు.

క్లారెన్స్ ఎర్ల్ గిడియన్ పేరు నాకు కొత్త కాదు. క్రిమినల్ జస్టిస్ డిగ్రీలో చేరిన మొదటి నెలలోనే ఒక వాక్యంగా బట్టీపట్టాను: 1963, అమెరికా సుప్రీంకోర్టు, పేద ముద్దాయికి న్యాయవాది హక్కు. పరీక్షకు అది సరిపోయింది. ఈ రోజు మాత్రం ఆయన జైలు నుంచి పంపిన అర్జీ నకలు తెరిచాను. గీతల కాగితం మీద పెన్సిల్‌తో రాసిన ఐదు పేజీలు. ఒక్కో అక్షరం ఓపికగా దిద్దినట్టు ఉంది. అక్కడక్కడ తప్పులున్నాయి. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి దేశంలోని అత్యున్నత న్యాయస్థానానికి రాస్తున్నాడు. తెర మీద పేజీని పెద్దది చేసుకుంటూ పోయాను, పెన్సిల్ గీతలు మసకబారేదాకా.

1961లో ఫ్లోరిడాలో ఒక బిలియర్డ్స్ గదిలోకి దొంగతనానికి చొరబడ్డాడని ఆయన మీద కేసు. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేదు, ఇప్పించమని అడిగాడు. మరణశిక్ష పడే కేసుల్లో తప్ప ఇవ్వడం కుదరదన్నారు జడ్జి. తన కేసు తానే వాదించుకున్నాడు, ఐదేళ్ల శిక్ష పడింది. ఆ అర్జీ మీద తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఆయన పక్షాన నిలిచారు. తీర్పు రాసిన హ్యూగో బ్లాక్ 1942లో ఇలాంటి కేసులోనే మెజారిటీతో విభేదించిన వ్యక్తి. అప్పుడు ఓడిన మాటను 21 ఏళ్ల తర్వాత ఆయన చేతే తీర్పుగా రాయించారు.

తీర్పుకన్నా ఆ తర్వాత జరిగినదే నన్ను పట్టుకుంది. 1963 ఆగస్టులో మళ్లీ విచారణ. మొదటిసారి న్యాయవాదిని ఇవ్వడం కుదరదన్న జడ్జే, ఆరోపణ అదే. ఈసారి గిడియన్ పక్కన ఒక న్యాయవాది ఉన్నాడు. ముద్దాయిని కళ్లారా చూశానన్న సాక్షిని నిలదీశాడు. తెల్లవారకముందు నువ్వక్కడ ఏం చేస్తున్నావని అడిగాడు. జ్యూరీకి దాదాపు గంట పట్టింది. నిర్దోషి. అంటే, అడగవలసిన ప్రశ్నలు అడిగేవాడు లేక ఒక మనిషి రెండేళ్లు జైల్లో గడిపాడు. చదివాక లేచి కాసేపు గదిలో తిరిగాను.

రెండు నెలల క్రితం ఇదే కోర్సులో నా వ్యాసం మీద ప్రొఫెసర్ గారు ఒక మాట రాశారు: 'కథ బాగా చెప్పారు, మీ వాదన ఏది?' అప్పుడు మనసు చివుక్కుమంది. ఈ రోజు ఆ ప్రశ్నను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. నా వాదన తేలడానికి ఒక సహాధ్యాయి సాయపడ్డారు. ఆయన జైల్లో రాత్రి డ్యూటీ చేస్తారు. కోర్సు వారాంతపు ఆన్‌లైన్ చర్చలో ఎప్పుడూ రెండు మూడు వాక్యాలే రాస్తారు, విరామంలో ఫోనులో రాస్తారేమో. ఈసారి రాసింది ఇది: న్యాయవాది ఉన్నాడని కాగితం మీద ఉంటుంది, కానీ విచారణ రోజు ఉదయం వరకు ఆయన ముఖం చూడని వాళ్లు మా దగ్గర ఉన్నారు. పుస్తకంలో హక్కు అన్న మాట చదువుతున్న నాకు, దాన్ని తాళాల అవతలి నుంచి చూసిన మనిషి చెప్పిన మాట అది. ఒకరి ముఖం ఒకరు చూడకుండా చదివే ఈ డిగ్రీలో ఇలాంటివారు దొరకడం నాకు పెద్ద వరం. న్యాయవాదిని నియమించడం సరిపోదు, కేసు చదివే సమయం కూడా ఆయనకు ఉండాలి అని వ్యాసంలో రాశాను. ఆ వాక్యం పూర్తిగా నాది కాదు కాబట్టి ఆయన చర్చను ప్రస్తావించాను.

సాయంత్రం పాప వచ్చి తెర మీది పేజీ చూసి, "అమ్మా, ఇది ఎవరు రాశారు?" అంది.

"జైల్లో ఉన్న ఒకాయన."

"నువ్వు పోలీసు అవుతావా?"

ఈ డిగ్రీ పేరు వినగానే అందరూ అడిగే ప్రశ్నే. పోలీసులే కాదు, కోర్టులు, జైళ్లు, విడుదలైనవారి పునరావాసం కూడా చదువుతామని చెబుతుంటాను. పాపకు మాత్రం "ఇంకా తెలియదు" అన్నాను. నిజమే చెప్పాను. బ్యాచిలర్స్‌కు 120 క్రెడిట్లు కావాలి, నావి 66 అయ్యాయి. అయితే ముద్దాయి పక్కన నిలబడే వారి కార్యాలయంలో ఏదైనా పని దొరుకుతుందా అన్న ఆలోచన ఈ రోజే మొదటిసారి వచ్చింది.

పదకొండు నలభైకి పంపేశాను. వచ్చే వారం మిరాండా, 1966: పోలీసులు ప్రశ్నించే ముందు మౌనంగా ఉండే హక్కు గురించి చెప్పాలన్న తీర్పు.