అమ్మ మోకాళ్లకు తగ్గ గది

పొద్దున కొబ్బరి దింపు వాళ్లు వచ్చి వెళ్లారు. వచ్చిన డబ్బులో ఎనిమిది వేలు అమ్మ ప్రయాణానికి పక్కన పెట్టాను. వచ్చే వారం హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో మోకాళ్లు చూపించాలి. మధ్యాహ్నమంతా గది వెతకడంతోనే సరిపోయింది.

పోయినసారి చవకగా వస్తోందని సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. అమ్మ గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కింది. ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. ఆ మెట్లు నాకింకా కళ్లముందే ఉన్నాయి.

బాబాయిని అడిగితే కూకట్‌పల్లి అన్నాడు. "మనవాళ్లంతా అక్కడేరా, భోజనానికి ఇబ్బంది ఉండదు." నిజమే, మెట్రో మారకుండా పంజాగుట్ట వెళ్లొచ్చు కూడా. కానీ ఓపీ చీటీకి పొద్దున్నే లైన్లో నిలబడాల్సింది నేను. పిలుపు వచ్చేదాకా అమ్మ మంచం మీద నడుం వాల్చాలంటే ఆసుపత్రికి దగ్గర్లోనే గది ఉండాలి. అమీర్‌పేట ఒక్క స్టేషన్ దూరం, గదులూ చవకే. అయితే కోచింగ్ సెంటర్ల జనంలో అమ్మని నడిపించడానికి మనసొప్పలేదు. పంజాగుట్టే ఖాయం చేసుకున్నాను.

ఇక ఫోన్లు. లిఫ్ట్ ఉందా, అది పనిచేస్తోందా, కమోడ్ ఉందా, వేడినీళ్లు ఎన్నింటిదాకా వస్తాయి? అన్నిటికన్నా ముఖ్యం చెక్ అవుట్. మా అమలాపురానికి రైలు లేదు కదా, రావులపాలెం మీదుగా రాజమండ్రి దాకా బస్సులో వెళ్లి, రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. పొద్దున్నే దిగుతాం. మధ్యాహ్నం 12 గంటల లెక్క పెట్టే చోట ఆ నాలుగైదు గంటలకే ఒక రోజు అద్దె పోతుంది. రెండు చోట్ల అదే పద్ధతి. మూడో చోట దిగిన దగ్గర్నుంచి 24 గంటలు అన్నారు. జీఎస్టీ కలిపి రోజుకి 1,700. నేను అనుకున్నదానికి ఐదొందలు ఎక్కువే. అయినా ఒప్పేసుకున్నాను.

సాయంత్రం అరుగు మీద కూర్చున్న అమ్మకి ఇదంతా చెప్పాను. లిఫ్ట్ సంగతి విని తలూపింది. కాసేపాగి, "ఆ గదికి కిటికీ ఉంటుందేంట్రా?" అంది.

అది అడగనే లేదు. మళ్లీ ఫోన్ చేశాను. ఉందట, వెనక సందు వైపు. ఒక వేపచెట్టు కూడా కనిపిస్తుందని చెప్పాడు ఆ అబ్బాయి.