బొచ్చు లేని కుక్క: జబ్బు కాదు, జాతి

మొన్న ఉగాదికి మా పెదనాన్న కూతురు బెంగళూరు నుంచి అనంతపురం వస్తూ, తాను పెంచుకుంటున్న మెక్సికో జాతి కుక్కను కూడా వెంట తెచ్చింది. నడినెత్తిన నాలుగు పోచలు తప్ప ఒంటిమీద ఎక్కడా బొచ్చు లేని ఆ నల్లని కుక్క కారు దిగగానే, ఎదురింటి అవ్వ “పాపం, గజ్జి పట్టినట్టుందే, కానుగ నూనె పూయండప్పా” అని ఎంతో జాలిగా చెప్పింది. వీధికుక్కల అవస్థను ఏళ్లుగా చూస్తున్న మనిషి ఆ మాట అనడం సహజమే. అయితే గజ్జిలో కంటికి కనిపించనంత చిన్న పురుగులు చర్మంలో చేరడం వల్ల ఉన్న బొచ్చు రాలిపోతుంది. ఈ కుక్కకు పుట్టుకతోనే బొచ్చు మొలవలేదు, చర్మం నున్నగా, ఆరోగ్యంగా ఉంది.

దీని పూర్తి పేరు షోలోఇట్స్‌క్వింట్లి, పిలుపులో షోలో. మెక్సికోను ఒకప్పుడు ఏలిన అజ్టెక్కుల దేవుడు షోలోటల్ పేరుకు, వారి నహువాత్ భాషలో కుక్క అనే అర్థమున్న మాటను చేర్చగా వచ్చిన పేరిది. చనిపోయినవారి ఆత్మను ఈ కుక్క పరలోకానికి దారి చూపి తీసుకుపోతుందని అజ్టెక్కులు నమ్మేవారని చెప్పినప్పుడు, అవ్వ “ధర్మరాజు వెంట నడిచిన కుక్క వంటిదన్నమాట” అంది. స్పెయిన్ వారి ఆక్రమణ తరువాత బాగా తగ్గిపోయిన ఈ జాతిని, 1950ల మధ్యలో మారుమూల పల్లెల్లో వెదికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది దీని పుట్టుక వెనక ఉన్న జన్యువు. 2008లో శాస్త్రవేత్తలు ఫాక్స్‌ఐ3 అనే జన్యువులో ఏడు డీఎన్‌ఏ అక్షరాలు రెండుసార్లు పడిన మార్పును గుర్తించారు. పెరూ దేశపు బొచ్చులేని కుక్కలోనూ, చైనీస్ క్రెస్టెడ్ అనే మరో బొచ్చులేని జాతిలోనూ ఉన్నది ఇదే మార్పు. తల్లిదండ్రుల నుంచి వచ్చే రెండు ప్రతుల్లో ఒకదానిలోనే ఈ మార్పు ఉంటే పిల్ల బొచ్చు లేకుండా పుడుతుంది, రెండింటిలోనూ ఉంటే గర్భంలోనే చనిపోతుంది. కనుక బతికున్న ప్రతి బొచ్చులేని షోలోలోనూ ఒక మామూలు ప్రతి ఉంటుంది. అందుకే బొచ్చులేని జంటకు పుట్టిన ఈతలో కూడా నిండు బొచ్చుతో పిల్లలు కనిపిస్తాయి. పళ్ల ఎదుగుదలలోనూ ఈ జన్యువుకు పాత్ర ఉండటం వల్ల చాలా కుక్కలకు దవడ పక్కపళ్లు కొన్ని రావు. మా ఇంట్లో అది ఎముకను వదిలి, చల్లారిన రాగి సంగటిని ఇష్టంగా తిన్నది.

మా బంధువులు పలువురు “మన ఎండలకు ఇదే తగిన కుక్క” అన్నారు. ఆ మాటను నేను ఒప్పుకోలేను. కుక్క ఒంటి వేడిని ప్రధానంగా నాలుక చాచి రొప్పుతూ తగ్గించుకుంటుంది, బొచ్చేమో ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడుతుంది. ఆ మరుగు లేని చర్మం, ముఖ్యంగా లేతరంగుదైతే, మన ఎండకు తొందరగా కమిలిపోతుంది. చలికాలంలో అదే కుక్క వణుకుతుంది. తాకితే జ్వరం ఉన్నట్టు అనిపించినా దాని ఒంటి వేడి ఇతర కుక్కలకు ఉన్నంతే. మధ్యలో బొచ్చు లేనందున మన చేతికి ఎక్కువగా తెలుస్తుంది. మెక్సికోలో కీళ్లనొప్పులవారు దీన్ని పక్కన పడుకోబెట్టుకునేది ఆ వెచ్చదనం కోసమే.

ముచ్చటపడి కొనాలనుకునేవారు ముందుగా మా అక్క దినచర్యను చూడాలి. ఆమె దాన్ని తెల్లవారకముందూ పొద్దుగూకిన తరువాతా మాత్రమే బయట తిప్పింది, పగలు నూలు చొక్కా తొడిగి నీడపట్టునే ఉంచింది. తిరుగు ప్రయాణంలోనూ, కారు అద్దంలోంచి ఎండ దాని ఒంటిమీద పడకూడదని, తెల్లవారుజామున నాలుగు గంటలకే బయలుదేరింది.