ఆ పన్నెండు నిమిషాలూ మెట్ల మీద ఎవరూ ఉండకూడదు

డ్రమ్ కోర్ అంటే ఇత్తడి వాయిద్యాలు, డ్రమ్ములు వాయిస్తూ మైదానంలో కవాతు చేసి పోటీపడే యువ బృందం. అమెరికాలో వీటి సీజన్ జూన్ చివర్లో మొదలై ఆగస్టు రెండో వారంతో ముగుస్తుంది. టెక్సాస్, జార్జియా, పెన్సిల్వేనియా లాంటి చోట్ల స్టేడియాల్లో వరస పోటీలు, చివరికి ఇండియానాపొలిస్ లూకాస్ ఆయిల్ స్టేడియంలో ఫైనల్స్. పిల్లలు హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో ఉంటే బూస్టర్ క్లబ్ (బ్యాండ్‌కు అండగా తల్లిదండ్రులు నడిపే సంఘం) తరఫున మనవాళ్లు వాలంటీర్లుగా వెళ్తుంటారు. స్టాఫింగ్ కంపెనీల ద్వారా గంటల లెక్కన అషర్ పనికి, అంటే ప్రేక్షకులకు దారి, సీట్లు చూపించే పనికి వెళ్లేవాళ్లూ ఉన్నారు.

ముందు కాగితాల సంగతి. ఎఫ్-1 మీద ఉన్న విద్యార్థి అనుమతి లేకుండా క్యాంపస్ బయట జీతానికి అషర్ పని చేస్తే స్టేటస్‌కే ముప్పు. హెచ్-4 వాళ్లకు ఈఏడీ (పని చేసుకోవడానికి అనుమతి కార్డు) ఉండాలి. హెచ్-1బి వాళ్లు స్పాన్సర్ చేసిన కంపెనీ దగ్గర తప్ప ఇంకెక్కడా జీతం తీసుకోకూడదు. నిజమైన వాలంటీర్ పనికి ఇబ్బంది లేదు. కానీ కొన్ని బూస్టర్ క్లబ్బులు తినుబండారాల స్టాల్‌లో నిలబడిన గంటలకు పిల్లల ఫీజు తగ్గిస్తామంటాయి. అది జీతం లెక్కలోకి రావచ్చు, లాయర్‌ని అడిగాకే ఒప్పుకోండి.

ఇంకో చిన్న మాట. స్పెల్లింగ్ చూసి ‘కార్ప్స్’ అనకండి, వినేవాళ్లకు శవం అన్నట్టుంటుంది. ‘కోర్’ అనాలి.

పెద్ద తరగతి కోర్‌లో 165 మంది దాకా ఉంటారు. ఇత్తడి వాయిద్యాలు, డ్రమ్ములు, జెండాలూ చెక్క తుపాకులూ తిప్పే కలర్ గార్డ్. ఇరవై రెండేళ్లు దాటితే చోటు లేదు. ఒక్కో ప్రదర్శన పది, పన్నెండు నిమిషాలు, మార్కులు నూటికి. 2008 ఫైనల్స్‌లో ఫాంటమ్ రెజిమెంట్‌కు 98.125, బ్లూ డెవిల్స్‌కు 98.100 వచ్చాయి. తేడా పాయింటులో నలభయ్యో వంతు. టైము తప్పితే పాయింటులో పదో వంతుల చొప్పున కోసే జడ్జి ప్రత్యేకంగా ఉంటాడు. గేటు దగ్గర ఒక తాతగారు వాయిద్యాల బండికి అడ్డంగా నిలబడితే కోర్ నిర్వాహకులు ఎందుకంత కంగారుపడతారో ఈ లెక్క తెలిస్తే అర్థమవుతుంది.

ఇక్కడి జనం గొడవ చేసే జనం కాదు. తాగి తిట్టుకునేవాళ్లు అరుదు. వాళ్లు కదలకుండా చూడటమే అసలు పని. ప్రదర్శన మొదలయ్యాక సీట్ల మధ్య మెట్ల మీద ఎవరూ ఎక్కకూడదు, దిగకూడదు. చేతిలో నాచోస్ ప్లేటు పట్టుకుని వచ్చినవాళ్లను సెక్షన్ ద్వారం దగ్గరే ఆపాలి. దీన్ని ‘హోల్డ్’ అంటారు. కోర్‌ను పరిచయం చేసే అనౌన్స్‌మెంట్ మొదలవగానే హోల్డ్ వేయాలి. చివరి స్వరం, చప్పట్లు, డ్రమ్ మేజర్ (చేతులు ఊపుతూ కోర్‌ను నడిపించే సభ్యుడు) సెల్యూట్ అయ్యాకే వదలాలి. బాగా నెమ్మదిగా సాగే బాలడ్ మధ్యలో చప్పట్లు వినిపిస్తే అయిపోయిందనుకుని చెయ్యి దించేయడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. డ్రమ్ మేజర్ ఇంకా పోడియం మీద చేతులు ఊపుతున్నాడా, దిగాడా? అది చూడండి.

మనవాళ్లు తప్పేదీ ఇక్కడే. ‘పాపం, ఒక్కరే కదా’ అని ఒకరిని పంపిస్తారు. వెనకున్న పదిమందికి ఇక ఏం చెప్పినా వినరు, వాళ్లను తప్పుపట్టనూ లేం. బుజం పట్టుకుని పక్కకు జరపడం మనకు అలవాటు. అక్కడ వద్దే వద్దు, ఎవరినీ తాకకూడదు. అరచేయి చూపించి, ‘హోల్డ్ హియర్ ప్లీజ్, రైట్ ఆఫ్టర్ దిస్ షో’ అంటే చాలు. ఆ మాటనైనా గుసగుసగా చెప్పండి. తల అటూ ఇటూ ఊపితే అవునో కాదో వాళ్లకు తెలియదు, చేత్తోనే చెప్పాలి. వాదించేవాళ్లు దొరికితే వాదించకండి, సూపర్‌వైజర్‌కి రేడియోలో సెక్షన్ నంబరు చెప్పండి. అంతకు మించి మీ పని కాదు.

ఫ్లాష్ ఫొటోలు ఆపాలి. గార్డ్ పిల్ల ఆరు మలుపులు తిరిగేలా చెక్క రైఫిల్‌ను పైకి విసిరి చూపు దాని మీదే పెట్టుకున్నప్పుడు కళ్లలో వెలుగు పడితే అది చేతిలో కాదు, మొహం మీద పడుతుంది. వీడియో తీయడమూ నిషేధమే. పాటల హక్కుల లైసెన్సులు ఇమిడి ఉన్న వ్యవహారం. ఫోన్ లాక్కోవడం మాత్రం మన పని కాదు, ఒకసారి చెప్పి పైవాళ్లకు తెలియజేయాలి. జడ్జీలు మాట్లాడుతూ వ్యాఖ్యానం రికార్డు చేస్తుంటారు, వాళ్ల చుట్టుపక్కల కబుర్లు ఆడనివ్వకూడదు. ముందు వరసల్లో డ్యూటీ పడితే చెవుల్లో ప్లగ్గులు తప్పనిసరి.

పెద్ద స్టేడియాల్లో సంచుల రూలు వేరే. పారదర్శకమైన సంచి 12 అంగుళాల పొడవు, 6 వెడల్పు, 12 ఎత్తు మించకూడదు. చిన్న పర్సు నాలుగున్నర, ఆరున్నర అంగుళాల లోపు. మన ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగులు ఇందులో పట్టవు, ముందే చెప్పి పంపితే గేటు దగ్గర రభస తప్పుతుంది.

స్టేడియం లోపలికన్నా బయట పార్కింగ్ లాటే కష్టం. అక్కడే డ్రమ్ లైన్లు వార్మప్ చేస్తాయి, వాటికోసమే వచ్చే అభిమానులు వందల్లో ఉంటారు. డ్రమ్మర్లు విల్లులా వంపు తిరిగి నిలబడతారు. ఎదురుగా ఉండే మాస్టర్‌కూ వాళ్లకూ మధ్యలోంచి ఎవరూ నడవకూడదు. తాడు కడితే జనం దాని మీద వాలతారు. ఇద్దరు వాలంటీర్లు చేతులు చాచి నిలబడి, గుంపు ముందుకు జరిగినప్పుడల్లా ఒక్క అడుగు వెనక్కి వేయించడం మేలు. కలర్ గార్డ్ దగ్గర ఇంకా ఎక్కువ దూరం కావాలి. ఆరడుగుల జెండా కర్ర తిరిగే చోటికి పిల్లలు పరిగెత్తుకొస్తారు. డ్రమ్ లైన్ ఒక్కసారిగా వాయించడం ఆపి నడక మొదలెడితే జనం కూడా వెంటే కదులుతారు. అందుకని దారి ముందే ఖాళీ చేయించి ఉంచాలి. భుజాలకు తగిలించుకునే చట్రంతో కలిపి ఒక్కో స్నేర్ డ్రమ్ దాదాపు పది కిలోలు; డ్రమ్మరుకు తన కాళ్ల దగ్గర ఏముందో కనిపించదు.

ప్రదర్శన ముగిశాక బయటికి వచ్చే దారి మరీ ప్రమాదం. ఎనిమిది అడుగుల మరింబా (చెక్క పలకల మీద కొట్టి వాయించే వాయిద్యం) బండ్లు, స్పీకర్లు, చక్రాల మీద పెద్ద పెద్ద సెట్టింగులు పరుగు మీద వస్తాయి. అప్పుడే అమ్మానాన్నలు పూలగుత్తులతో ఎదురెళ్తారు. వాళ్లను దారికి ఒకే వైపు నిలబెట్టండి. రెండు వైపులా నిలబెడితే అటు నుంచి ఇటు దాటడానికే చూస్తారు. ఆరుబయట స్టేడియంలో గాలి వీస్తే ఆ ఎత్తు సెట్టింగులు పడిపోతాయి, వాటి నీడలో కూడా ఎవరినీ ఉంచొద్దు.

సభ్యుల నడవడికకు కోర్ కోర్‌కీ పద్ధతులున్నాయి. యూనిఫామ్ వేసుకున్నాక సగం విప్పి తిరగడం, నేల మీద కూర్చోవడం, నీళ్లు తప్ప ఏదైనా తాగడం చాలా చోట్ల కుదరదు. గేటుకు నడిచేటప్పుడు కొన్ని కోర్లు నోరు మెదపవు. ‘ఆల్ ది బెస్ట్’ అని పలకరించినా బదులు రాదు, పొగరనుకోకండి. పోటీలో ఉన్న ఇంకో కోర్ గురించి చెడ్డమాట అనకూడదు, వాళ్లకూ చప్పట్లు కొట్టాలి.

పెద్దల నడవడికకూ కట్టుబాట్లున్నాయి. 2018లో కొందరి మీద లైంగిక వేధింపుల ఆరోపణలు పత్రికల్లో వచ్చాక నియమాలు బిగిశాయి. సభ్యుల్లో పద్దెనిమిది నిండని వాళ్లుంటారు. ఏ పిల్లాడితోనూ ఒంటరిగా గదిలోనో బస్సులోనో ఉండకండి. కారులో దింపుతాననడం, ఫోన్ నంబరు అడగడం, బుగ్గ గిల్లడం ఇక్కడ ఆప్యాయత కింద చెల్లవు. తప్పు కనబడితే మనలో మనం సర్దేయకుండా అదే రోజు రిపోర్ట్ చేయాలి.

ఉరుము వినబడితే ఆట ఆగాల్సిందే. అల్యూమినియం మెట్ల మీద వేలమంది, మైదానంలో ఇత్తడి వాయిద్యాలు. జనాన్ని భవనంలోకీ కార్లలోకీ, సభ్యులను బస్సుల్లోకీ పంపాలి. చివరి ఉరుము నుంచి ముప్పై నిమిషాలు ఆగాలి. ఇరవై తొమ్మిదో నిమిషంలో మళ్లీ ఉరిమితే గడియారం మొదటికొస్తుంది. అభిమానులు ఫోన్లో రాడార్ చూపించి ‘మబ్బు పోయింది’ అంటారు, వినొద్దు.

ఫైనల్స్ రాత్రి కోర్లన్నీ మైదానంలో వరసకట్టి మార్కుల కోసం కదలకుండా నిలబడతాయి. మోకాళ్లు బిగబట్టి నిలబడినవాళ్లు ధబ్బున పడిపోతుంటారు. రెప్పలు బరువెక్కుతుంటే, పెదాలు తెల్లబడితే పరిగెత్తకుండా ఆ కోర్ స్టాఫ్‌కు చెయ్యి చూపించండి. వాళ్లే వెనకనుంచి వచ్చి పట్టుకుంటారు. పైనున్న వాళ్లమ్మ మెట్లు దిగుతుంటే ఆమెనూ హోల్డ్ చేయాల్సిందే, ఏ గేటు దగ్గర కలవాలో చెప్పి.