ఇరుసు మీద వెలిగిన గీత

జనవరి నెలలో ఒహాయోలోని థీమ్ పార్కుల వైపు ఎవరూ చూడరు. గేట్లకు తాళాలు పడి, పట్టాల మీద మంచు పేరుకొని ఉన్న ఆ రోజుల్లోనే మా పని మొదలవుతుంది. వేసవి అంతా జనాన్ని మోసిన రోలర్ కోస్టర్ బండ్లను వర్క్‌షాపులోకి తెచ్చి, చక్రాలు, ఇరుసులు, ఒడిలోకి వాలే ఇనుప బార్లు, ఒక పెట్టెను మరొక పెట్టెతో కలిపే కొక్కేలు అన్నీ విడదీసి, రంగు గీకి, కడిగి, బల్లల మీద వరుసగా పేరుస్తారు. ఆ తర్వాత దీపాలు ఆర్పేస్తారు. చీకట్లో నేను ఒక్కొక్క ఇరుసును అయస్కాంతంగా మార్చి, సన్నని ఇనుప పొడి కలిసిన ద్రవాన్ని దాని మీద పోసి, అతినీలలోహిత దీపం కింద నెమ్మదిగా తిప్పుతూ చూస్తాను. లోహం బాగుంటే ఏమీ కనిపించదు. పగులు ఉంటే మాత్రం పొడి అక్కడ గుమికూడి, వెంట్రుక మందాన ఒక ఆకుపచ్చ గీత వెలుగుతుంది. ఆ గీత కనిపించిన ఇరుసు మళ్లీ బండి ఎక్కదు.

నేను గాజువాకలో పెరిగాను. డిప్లొమా పూర్తయ్యాక విశాఖ చుట్టుపక్కల పరిశ్రమల్లో కాంట్రాక్టు మీద ఎన్‌డీటీ పని చేశాను. వస్తువును కోయకుండా, విరవకుండా దాని లోపాన్ని పట్టుకునే విద్య అది. 2012లో నా భార్య సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద సిన్సినాటికి వచ్చినప్పుడు హెచ్-4 వీసాతో ఆమె వెంట వచ్చాను. ఆ వీసా మీద పని చేసే వీలు అప్పటికి లేదు. 2015 మే నెలలో, గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఒక దశ దాటిన హెచ్-1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాములకు పని అనుమతి ఇచ్చే నియమం అమల్లోకి వచ్చాక, చేతికి కార్డు అందిన వారంలోనే దరఖాస్తులు పంపడం మొదలుపెట్టాను. అయితే ఇక్కడ స్వయంగా తనిఖీ చేసి ఫలితాన్ని తేల్చగల లెవెల్ 2 అర్హతను ఏ యజమానికి ఆ యజమాని తన నిబంధనల ప్రకారం ఇస్తాడు కనుక, పన్నెండేళ్ల అనుభవం ఉన్నప్పటికీ మళ్లీ శిక్షణ గంటలు పూర్తి చేసి, పరీక్షలు రాసి, పనిలో చేరాను. పార్కులకు తనిఖీ బృందాలను పంపే ఒక చిన్న కంపెనీ అది. ఏ పార్కులో పని చేస్తున్నామో బయట చెప్పకూడదని ఒప్పందంలో ఉంది. అందువల్ల నా పని గురించి రాసేటప్పుడు మా పార్కు అని మాత్రమే రాస్తాను. పేర్లతో చెప్పేవన్నీ పత్రికల్లో వచ్చిన, అందరికీ తెలిసిన సంగతులే.

ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేసినప్పుడు అమ్మ శ్రద్ధగా అంతా విని, "అవి ఎక్కేవాళ్లు పిల్లలేనా నాయనా?" అని అడిగింది. ఎక్కువగా పిల్లలేనని చెప్పాను. "అయితే ఒకటికి రెండుసార్లు చూడు" అంది. మా కంపెనీ ఇచ్చిన నియమావళి పుస్తకం మూడు వందల పేజీలకు పైనే ఉంటుంది గాని, పనిలో నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ మాటే.

పాతబడిన రోలర్ కోస్టర్లను ఏం చేయాలన్న ప్రశ్న ఇప్పుడు అమెరికాలో దాదాపు ప్రతి పెద్ద పార్కు ముందూ ఉంది. 1970ల నుంచి 1990ల దాకా పార్కులు పోటీ పడి కట్టినవన్నీ ఒక్కసారిగా ముప్పై, నలభై, యాభై ఏళ్ల వయసుకు వచ్చాయి. అయితే ఇన్ని చలికాలాలు ఈ ఇరుసులను చూశాక నాకు కుదిరిన అభిప్రాయం ఏమిటంటే, రోలర్ కోస్టర్ వయసును ప్రారంభోత్సవం జరిగిన ఏడాది నుంచి లెక్కపెట్టడం సరైన పద్ధతి కాదు. దానిలోని ఏ భాగాన్ని ఎప్పుడు మార్చారు, మార్చడానికి ఆ భాగం ఇంకా దొరుకుతుందా, దాని నడకను చెవితో గుర్తుపట్టగల మనిషి ఇంకా పనిలో ఉన్నాడా అన్నవే దాని అసలు వయసును చెబుతాయి.

మేము ఉండే మేసన్ ఊరిలోనే కింగ్స్ ఐలాండ్ పార్కు ఉంది. అక్కడి ది బీస్ట్ అనే చెక్క రోలర్ కోస్టర్ 1979 ఏప్రిల్‌లో మొదలైంది. ఏడు వేల మూడు వందల అడుగులకు పైగా పొడవుతో, అడవిలోని లోయల మీదుగా నాలుగు నిమిషాలకు పైగా సాగే ఆ ప్రయాణం చెక్క రోలర్ కోస్టర్లలో ప్రపంచంలోనే అతి పొడవైనది. 2022 సీజన్ కోసం దానిలో సుమారు రెండు వేల అడుగుల పట్టాను కొత్తగా వేశారు, మొదటి దిగుడును మునుపటి కంటే నిటారుగా మార్చారు. ఆ పని చేసిన గ్రావిటీ గ్రూప్ కూడా సిన్సినాటి సంస్థే. నలభై ఏళ్లు దాటిన కట్టడానికి కొత్త ఒళ్లు వచ్చినట్టయింది, అయినా ఎక్కేవారికి అది అదే బీస్ట్.

చెక్క కోస్టర్ పట్టా అంటే పలకల మీద పలకలు పేర్చి, పైన ఉక్కు పట్టీ బిగించిన కట్టు. ఎండకు ఎండి, వానకు తడిసి, బండి బరువుకు నలిగి ఆ పలకలు వదులవుతాయి. వాటిని ప్రతి చలికాలం కొంత కొంత ఊడదీసి మళ్లీ పేరుస్తారు. ఒక్క ఏడాది కూడా పూర్తిగా పాతదిగా గాని, పూర్తిగా కొత్తదిగా గాని ఉండని వస్తువు అది. మన ఊళ్లలో స్వామివారి రథానికి ఒక ఏడు చక్రం, మరొక ఏడు ఇరుసు, ఇంకొక ఏడు పైకప్పు దూలం మార్చినా ఊరి దృష్టిలో అది తాతల నాటి రథమే అయినట్టు, ఈ చెక్క కోస్టర్లు కూడా మార్పులోనే కొనసాగుతాయి. న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్ సైక్లోన్ 1927 నుంచి నిలిచి ఉండటానికి ఈ పద్ధతే కారణం.

ఉక్కు కథ వేరు. ఉక్కు కోస్టర్ మొదట్లో నునుపుగా, మచ్చ లేకుండా ఉంటుంది. అలసట అంతా లోపలే పేరుకుంటుంది. బండి దాటిన ప్రతిసారీ పట్టా కొంచెం వంగి, మళ్లీ నిటారు అవుతుంది. రోజుకు కొన్ని వందల సార్లు, ఏళ్ల తరబడి ఇదే జరిగితే, వెల్డింగ్ అంచున ఎక్కడో ఒక సూక్ష్మమైన పగులు పుడుతుంది. మొదటిసారి దొరికినప్పుడు గ్రైండింగ్ చేసి, మళ్లీ వెల్డింగ్ చేస్తాం. మరుసటి చలికాలం దానికి అడుగు దూరంలో ఇంకొకటి కనిపిస్తుంది. ఒకచోట బలం పెంచితే ఒత్తిడి పక్కకు జరుగుతుందన్నది ఈ పనిలో ఉన్న ప్రతి ఒక్కరికీ అనుభవం.

2019 అక్టోబర్ 27న కింగ్స్ ఐలాండ్‌లో వోర్టెక్స్ చివరిసారి నడిచింది. 1987లో యారో డైనమిక్స్ కంపెనీ కట్టిన ఆ ఉక్కు కోస్టర్ ప్రయాణికులను ఆరుసార్లు తలకిందులు చేసేది. ఆ రోజు నా కూతురితో కలిసి నేను కూడా వరుసలో నిలబడ్డాను. "ఇంకా బాగానే నడుస్తోంది కదా నాన్నా, ఎందుకు తీసేస్తున్నారు?" అని అడిగింది. దాని సేవాకాలం ముగిసిందని పార్కు ప్రకటించింది. నేను ఆ కోస్టర్ మీద ఎన్నడూ పని చేయలేదు కనుక దాని లోపలి పరిస్థితి గురించి ఒక్క మాట కూడా చెప్పలేను. కానీ యారో సంస్థ 2001లో దివాలా తీసి, మరుసటి ఏడాది దాని ఆస్తులు ఎస్ అండ్ ఎస్ అనే మరొక సవారీల తయారీ సంస్థ చేతికి వెళ్లాయని, అలాంటి యంత్రాలకు విడిభాగాలు కావాలంటే చాలాసార్లు పాత డ్రాయింగులు చూసి ఒక్కొక్కటిగా తయారు చేయించుకోవలసి వస్తుందని చెప్పాను. ఆ సంస్థ డిజైన్లు వంపుల లెక్కలు కంప్యూటర్ మీద ఇంత సూక్ష్మంగా చేయని కాలానివి. అందువల్ల ఒక వంపు నుంచి మరొక వంపుకు మారే చోట బండికి, మనిషి మెడకు తగిలే కుదుపు కూడా ఎక్కువ. అమ్మాయికి నా జవాబు నచ్చలేదు. ఎనిమిదేళ్ల వయసులో మొదటిసారి ధైర్యం చేసి ఎక్కిన కోస్టర్ అది, నచ్చకపోవడంలో ఆశ్చర్యం లేదు.

వయసు ఒక్కటే ప్రమాదానికి కొలత కాదని 2023లో అందరూ చూశారు. నార్త్ కెరొలినాలోని షార్లెట్ నగరం అంచున ఉన్న కారోవిండ్స్ పార్కులో ఫ్యూరీ 325 అనే కోస్టర్‌కు ఆధారమైన ఒక ఉక్కు స్తంభం పైభాగంలో పగులు విచ్చుకొని, బండి వెళ్లినప్పుడల్లా స్తంభం కదలడాన్ని జూన్ 30న ఒక సందర్శకుడు గమనించి వీడియో తీశాడు. ఆ కోస్టర్ 2015లో మొదలైంది, అంటే దానికి అప్పటికి ఎనిమిదేళ్లే. స్తంభం మార్చి, ఖాళీ బండ్లతో పదే పదే పరీక్షించి ఆగస్టులో తిరిగి తెరిచారు. ఆ వీడియో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేమంతా బండ్ల ఇరుసులను చీకటి గదిలో గాలిస్తాం, పట్టాకు దగ్గరగా వంగి చూస్తాం, కానీ దూరంగా నిలబడి మొత్తం కట్టడం ఎలా కదులుతోందో చూసే అలవాటు మాలో ఎందరికి ఉంది? అప్పటి నుంచి బండి పరీక్షా ప్రయాణం చేసేటప్పుడు కనీసం అరగంట కార్ల పార్కింగ్ స్థలంలో నిలబడి స్తంభాలను చూడటం నేను పనిలో భాగం చేసుకున్నాను.

అంతకు ముందు, 2017 జూలైలో, కొలంబస్‌లోని ఒహాయో స్టేట్ ఫెయిర్‌లో ఫైర్ బాల్ అనే ఊగే సవారీ గాలిలోనే విరిగి ఒక యువకుడు చనిపోయాడు. మనుషులు కూర్చునే సీట్లను మోసే దాని ఉక్కు చేయి లోపలి భాగాన్ని తుప్పు తినేసిందని తయారీదారు తరువాత ప్రకటించింది. పైన రంగు చక్కగానే ఉంది, తనిఖీ కూడా జరిగింది. కంటికి కనిపించేది ఎంత తక్కువో చెప్పడానికి ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ నాకు తెలియదు. 2019లో ఒహాయో రాష్ట్రం సవారీల తనిఖీ నిబంధనలను కఠినం చేస్తూ చట్టం తెచ్చింది. అల్ట్రాసోనిక్ పరికరంతో బోలు గొట్టాల గోడ మందాన్ని కొలిచే పని మా బృందానికి అప్పటి నుంచి బాగా పెరిగింది. నా దృష్టిలో అది ఎంత పెరిగినా తక్కువే.

కట్టడాన్ని కూల్చడమా, అలాగే ఉంచడమా అన్న రెండు దారులే ఉన్నాయని చాలామంది అనుకుంటారు. మధ్యలో మరికొన్ని ఉన్నాయి. ఒహాయోలోనే ఉన్న సీడర్ పాయింట్ పార్కులో 1991లో కట్టిన మీన్ స్ట్రీక్ అనే భారీ చెక్క కోస్టర్ ప్రయాణికులను విపరీతంగా కుదిపేదిగా పేరుపడితే, 2016లో దాన్ని ఆపి, చెక్క ఆధారాలలో చాలా భాగం ఉంచి, పైన రాకీ మౌంటెన్ కన్‌స్ట్రక్షన్ తయారు చేసిన ఉక్కు పట్టా వేసి, 2018లో స్టీల్ వెంజన్స్ పేరుతో తెరిచారు. కొన్ని కోస్టర్లు మాలాగే వలస వెళ్తాయి కూడా. కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫామ్‌లో 1975లో మొదలైన కార్క్‌స్క్రూ, 1990 నుంచి ఇడాహోలోని సిల్వర్‌వుడ్‌లో నడుస్తోంది. ఇక న్యూజెర్సీలోని కింగ్డా కా సంగతి అందరూ చూసిందే. 456 అడుగుల ఎత్తుతో ప్రపంచంలోనే అతి ఎత్తయిన కోస్టర్‌గా 2005లో మొదలై, ఇరవై ఏళ్లయినా నిండకముందే ఆగిపోయి, 2025 ఫిబ్రవరి 28న పేలుడు పదార్థాలతో నేలమట్టమైంది. చెక్క పట్టా ఉన్న సైక్లోన్ తొంభై ఏళ్లు దాటి నిలవగా, హైడ్రాలిక్ శక్తితో విసిరే ఆ ఉక్కు శిఖరం రెండు దశాబ్దాలకే ముగిసిపోవడం గురించి ఈ రంగంలో ఉన్నవారు లోతుగా ఆలోచించాలని నేను కోరుకుంటాను. రికార్డు కోసం కట్టినదాన్ని బాగుచేసుకుంటూ బతికించడం కష్టం.

మా పార్కులో ఇప్పుడు చర్చ జరుగుతున్నది ముప్పై ఏళ్లు దాటిన ఒక ఉక్కు కోస్టర్ గురించి. దాని పట్టా పటం ఒకటి నా దగ్గర ఉంది. ఏ వెల్డింగ్‌లో ఏ ఏడాది పగులు దొరికిందో, ఎంత పొడవో, ఎలా సరిచేశామో దాని మీద రంగుల చుక్కలతో గుర్తించాను. మొదటి ఏడాది చుక్కలు విడివిడిగా ఉండేవి. ఇప్పుడు రెండవ వంపు దిగువన ఒకదాన్ని ఒకటి తాకుతున్నాయి. దాన్ని మూసేయాలని రాయడం నా పరిధిలో లేదు, నేను రాయవలసింది నేను చూసినది మాత్రమే. కానీ ఆ పటాన్ని నివేదికకు జతచేసి పంపడం నా పరిధిలో ఉంది కనుక ప్రతి ఏటా పంపుతున్నాను. కొత్త మేనేజర్లు వచ్చినప్పుడల్లా మళ్లీ మొదటి చుక్క నుంచి వివరిస్తున్నాను. ఆ వంపును మొత్తంగా కొత్తగా చేయించి మార్చితే మరొక పదిహేనేళ్లు నడపవచ్చని మా ఇంజనీరు వాదన. దానికయ్యే ఖర్చుతో కొత్త కోస్టర్‌లో సగం వస్తుందని లెక్కలు చూసేవారి మాట. రెండు వాదనల్లోనూ న్యాయం ఉంది. నన్ను అడిగితే, ఏ నిర్ణయమైనా మరొక చలికాలానికి వాయిదా పడకూడదంటాను. ఆ చుక్కలు ఎవరి కోసమూ ఆగవు.

అదే పార్కులో ఒక చెక్క కోస్టర్ కూడా ఉంది. దాని పెద్ద వడ్రంగి ముప్పై నాలుగు చలికాలాలుగా ఆ పలకలను పేరుస్తున్నాడు. వచ్చే ఏడాది రిటైరవుతాడు. ఆయన కింద పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రవాళ్లలో ఇద్దరు మొదటి ఫిబ్రవరికే, ఆ చలిలో వంద అడుగుల ఎత్తున నడవలేక మానేశారు. మూడవ వ్యక్తిగా వచ్చిన అమ్మాయి నిలబడింది. ఆమె ఇప్పుడు ఆయన చెప్పే ప్రతి మాటనూ, ఏ మలుపులో ఏ పలక త్వరగా మెత్తబడుతుందో, ఎక్కడ నీరు నిలుస్తుందో, ఒక నోటు పుస్తకంలో రాసుకుంటోంది.

గత ఏప్రిల్‌లో సీజన్ తెరవడానికి ముందు, నీళ్లు నింపిన మనిషి బొమ్మలను సీట్లలో కూర్చోబెట్టి బండిని వదిలారు. మేమంతా కింద నిలబడి ఉన్నాం. గొలుసు మీద ఎక్కేటప్పటి టకటక చప్పుడు ఆగి, దిగుడులోకి జారి, మొదటి మలుపు తిరిగి, అడవి వైపు వెళ్లింది. వడ్రంగి కళ్లు మూసుకొని విన్నాడు. బండి తిరిగి వచ్చాక, "మూడవ గుట్ట దాటాక ఏం వినిపించింది?" అని ఆ అమ్మాయిని అడిగాడు. ఆమె కాసేపు ఆలోచించి, ఎడమ పట్టాలో ఒకచోట చప్పుడు బోలుగా ఉందని చెప్పింది. ఆయన తల ఊపి, సుత్తి ఆమె చేతికిచ్చాడు. మధ్యాహ్నం ఆమెతో పాటు నేను కూడా మెట్లెక్కి వెళ్లాను. ఆమె చెప్పిన చోట పైపలక కింద రెండవ పలక చివర మెత్తబడి ఉంది. వెలుతురు ఉండగానే దాన్ని మార్చారు.