స్ప్లిట్‌లో నాకు దొరికిన రాజభవనం బొమ్మ

మొన్న అక్టోబరులో మ్యూనిక్ నుంచి క్రొయేషియా వెళ్ళాం, నేనూ మా అమ్మాయీ. స్ప్లిట్ ఊరు నడిబొడ్డున ఉన్న రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ భవనం చూడాలని నాకు చాలా ఏళ్ళ కోరిక. తీరా దిగేసరికి వాన. తలదాచుకుందామని సందులో పాత చిత్రాలు అమ్మే ఒక కొట్టులోకి దూరాం, అక్కడ కనిపించింది ఆ ఎన్‌గ్రేవింగ్, అంటే రాగి రేకు మీద చెక్కి అచ్చేసిన ఈ భవనం బొమ్మ.

1764లో లండన్‌లో అచ్చయిన కాగితం. స్కాట్లాండ్ ఆర్కిటెక్ట్ రాబర్ట్ ఆడమ్ 1757లో ఇక్కడికొచ్చి, ఐదు వారాలుండి, ఈ భవనాన్ని కొలిచి బొమ్మలు గీయించి పుస్తకం వేశాడు, దానిలోంచి విడిగా వచ్చిన పేజీ ఇది. అప్పుడు ఈ ఊరు వెనిస్ ఏలుబడిలో ఉండేది. గోడలు కొలుస్తున్నారంటే గూఢచారులేమోనని గవర్నరు అనుమానపడి పని ఆపించబోయాడట, వెనిస్ సైన్యంలోని ఒక జనరల్ మాట సాయం చేస్తే గానీ ముందుకు సాగలేదు.

కొట్టు పెద్దాయన భూతద్దం చేతికిచ్చాడు. దూరం నుంచి మబ్బులా కనిపించిన ఆకాశం దగ్గరికెళ్తే అన్నీ వెంట్రుకంత సన్నటి గీతలు! నీడ ఉన్నచోట గీతల మీద అడ్డంగా మళ్ళీ గీతలు. రాగి రేకు మీద వీటన్నిటినీ చేత్తో చెక్కాలి, అదీ కుడి ఎడమలు తిరగేసి, తర్వాత సిరా పూసి, పైన తుడిచేసి, తడి కాగితం పరిచి ప్రెస్సులో గట్టిగా ఒత్తాలి. బొమ్మ చుట్టూ ఆ రేకు అంచు దిగిన గాడి వేలికి తగిలింది. రెండున్నర శతాబ్దాల కిందటి ఒత్తిడి ఇంకా ఆ కాగితంలో ఉంది, నాకైతే ఒళ్ళు పులకరించింది. కొనే స్తోమత లేదు, అడిగి ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను.

వాన తగ్గగానే పెరిస్టైల్‌కి వెళ్ళాం. అంటే భవనం మధ్యలో స్తంభాల వరసల నడుమ ఉన్న ముంగిలి. ఫొటో పట్టుకుని ఎదురుగా నిలబడ్డాం. అవే స్తంభాలు, వాటి మీద అవే కమానులు, చివర అదే త్రికోణపు ముఖద్వారం. బొమ్మలో మాత్రం చోటు ఇంకా పెద్దదిగా అనిపిస్తుంది, మనుషుల్ని చిన్నగా వేశారనుకుంటా.

"అమ్మా, స్తంభాల మధ్యలో ఇళ్ళు కట్టేశారు చూడు, బొమ్మలోనూ ఉన్నాయి" అంది మా అమ్మాయి. నిజమే. చక్రవర్తి క్రీ.శ. 305లో గద్దె దిగి విశ్రాంతికి వచ్చిన చోటు ఇది. ఏడో శతాబ్దంలో పక్కనున్న సలోనా నగరం పాడైతే అక్కడి జనం పారిపోయొచ్చి ఈ గోడల మధ్య కాపురాలు పెట్టారు. ఆయన సమాధి మందిరం చర్చి అయింది, క్రైస్తవుల్ని హింసించినవాడి సమాధి! గదులు ఇళ్ళయ్యాయి, నడవాలు సందులయ్యాయి. ఆడమ్ తన పుస్తకంలో ఈ ఇళ్ళన్నీ తీసేసి మొదట్లో భవనం ఎలా ఉండేదో ఊహించిన బొమ్మలు కూడా వేశాడు. అవి అందంగానే ఉంటాయి, కానీ నాకు ఇళ్ళున్న బొమ్మే నచ్చింది. మాది వరంగల్, ఖిలా వరంగల్‌లో కాకతీయుల కోట లోపల ఇప్పటికీ ఊరుంది, మా పెద్దమ్మ ఇల్లూ అక్కడే, కాబట్టి రాజుల గోడకి ఆనించి బతకడమంటే ఏమిటో నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు.

చీకటి పడుతుండగా మెట్ల మీద కూర్చున్నాం. రాయి ఇంకా తడిగా, చల్లగా ఉంది. పక్కన ఈజిప్టు నుంచి తెచ్చిన నల్ల రాతి స్ఫింక్స్, మనిషి తలా సింహం ఒళ్ళూ ఉన్న శిల్పం. స్తంభాల మధ్య ఇరికిన ఒక ఇంటి కిటికీలో దీపం వెలిగింది, లోపలి నుంచి ఎవరో ఆవిడ చెయ్యి చాపి తలుపు రెక్క దగ్గరికి లాక్కుంది. ఫొటోలో సరిగ్గా ఆ కిటికీ ఉందో లేదో చూద్దామని మా అమ్మాయి ఫోన్ లాక్కుని జూమ్ చేస్తూ కూర్చుంది.