పొలం + పొలం: ఆపరేటర్ ఓవర్‌లోడింగ్‌లో అసలు చిక్కు

చేవెళ్ల వైపు పొలం కాగితాల్లో 3.25 అని ఉంటే అది మూడుంపావు ఎకరాలు కాదు, 3 ఎకరాల 25 గుంటలు. దానికి 1.20 కలిపితే కాలిక్యులేటర్ 4.45 అంటుంది. ఎకరాకి 40 గుంటలు కాబట్టి అసలు లెక్క 5 ఎకరాల 5 గుంటలు. ప్రోగ్రామ్‌లో ఇలాంటి టైపుకి (డేటా రకానికి) + అంటే ఏమిటో మనమే చెప్పుకోవడానికే ఆపరేటర్ ఓవర్‌లోడింగ్. జావా మనకు ఆ వీలు ఇవ్వలేదు, స్ట్రింగ్‌లకి (అక్షరాల వరుసలకి) మాత్రం తనే + వాడేసుకుంది!

కొత్త లాంగ్వేజ్ తయారుచేసేవాళ్లు ఏ గుర్తులు ఇవ్వాలా అని తెగ వాదించుకుంటారు. అంతకంటే ముందు తేలాల్సింది, ఆ గుర్తుకి ఫంక్షన్‌ని ఎక్కడ వెతకాలన్నది. ఎడమవైపు టైపులోనే వెతికితే పొలం * 2 నడుస్తుంది, 2 * పొలం నడవదు. పూర్ణాంకానికి పొలం సంగతి ఏం తెలుసు? పైథాన్‌లో ఎడమవైపు మెథడ్ నాట్‌ఇంప్లిమెంటెడ్ అనే విలువ రిటర్న్ చేస్తే, అప్పుడు కుడివైపు టైపుని అడుగుతుంది. చాలామంది అక్కడ టైప్‌ఎర్రర్ రెయిజ్ చేస్తారు, దాంతో కుడివైపు వంతే రాదు. రస్ట్‌లో ఇదంతా కంపైల్ టైమ్‌లోనే తేలిపోతుంది. కాకపోతే 2 * పొలం కోసం ఐ32, ఐ64 లాంటి పూర్ణాంక టైపుల్లో ఒక్కోదానికి ఒకసారి, గుణకారం ఎలాగో చెప్పే మల్ ట్రెయిట్‌ని ఇంప్లిమెంట్ చేస్తూ పోవాలి. విసుగే, అయినా నా ఓటు దీనికే.

ఫలితం టైపుని విడిగా చెప్పనివ్వాలి. పొలం / పొలం అంటే వచ్చేది పొలం కాదు, ఉత్త అంకె. పొలం + 5 మాత్రం కంపైల్ కాకూడదు: 5 ఏమిటి, గుంటలా, గజాలా?

== దగ్గర ఇంకో మెలిక ఉంది. 1 ఎకరా, 40 గుంటలు, 4840 గజాలు మూడూ సమానం అన్నాక హ్యాష్ (విలువని త్వరగా వెతకడానికి దాన్నుంచి లెక్కగట్టే సంఖ్య) కూడా ఒకటే రావాలి. గుంటకి 121 గజాల లెక్కన లోపల అన్నీ గజాల్లోనే దాచుకుంటే ఈ తలనొప్పి ఉండదు. జావాలో దశాంశాల టైపు బిగ్‌డెసిమల్‌కి పోల్చే మెథడ్‌లు రెండు: 2.0, 2.00 ఈక్వల్స్ దృష్టిలో వేరు, కంపేర్‌టు దృష్టిలో ఒకటే. అందుకే ఈక్వల్స్‌ని నమ్మే హ్యాష్‌సెట్‌లో రెండూ ఉంటాయి, కంపేర్‌టుని నమ్మే ట్రీసెట్‌లో ఒకటే మిగులుతుంది.

&&, || (మరియు, లేదా) గుర్తులని ఓవర్‌లోడ్ చేయడానికి అసలు ఇవ్వొద్దు. సీ ప్లస్ ప్లస్‌లో వాటిని ఓవర్‌లోడ్ చేస్తే షార్ట్ సర్క్యూట్ (ఎడమవైపుతోనే తేలిపోతే కుడివైపుని వదిలేయడం) పోతుంది, ఎడమవైపు ఏం తేలినా కుడివైపు కూడా రన్ అవుతుంది. అర్థం మార్చినా ప్రిసిడెన్స్ (ఏ గుర్తు ముందు లెక్కకొస్తుందన్నది) మారదని కూడా గుర్తుంచుకోవాలి. ప్రింట్ చేయడానికి షిఫ్ట్ గుర్తు << ని వాడుకున్నారు కాబట్టి, సీఅవుట్ << క == గ అని రాస్తే ముందు క ప్రింట్‌కి వెళ్తుంది, ఆ తర్వాత సీఅవుట్ అనే ప్రింట్ స్ట్రీమ్‌ని గ తో పోల్చబోయి కంపైలర్ ఎర్రర్ ఇస్తుంది.