కంటి కింద వాపు, పంటి కింద చీము

పొద్దున లేచి చూస్తే మా కుక్క బంటి కుడి కంటి కింద నిమ్మకాయంత వాపు. తేనెటీగ కుట్టిందనుకున్నాం. మల్కాజిగిరిలో మా ఇంటి వెనకాల తేనెతుట్టె ఉంది మరి. పెరుగన్నం వాసన చూసి మొహం తిప్పుకున్నాక అనుమానమొచ్చి పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం.

ఆవిడ కన్ను వదిలేసి పెదవి ఎత్తి చూశారు. పై దవడలో మాంసం కోసే పెద్ద పన్ను చెక్క లేచిపోయి, మధ్యలో ఎర్రటి చుక్క కనిపిస్తోంది. ఆ పంటికి మూడు వేర్లట. వాటి కొసలు కంటి కిందిదాకా పోతాయి కాబట్టి, అక్కడ చీము పడితే వాపు మొహం మీద తేలుతుంది.

"బొక్కలు పెడతారా?"

ఆదివారం మటన్ తెస్తే నల్లి బొక్క బంటిదే. "బొక్క కొరికితేనే కదమ్మా పళ్లు గట్టిపడేది" అన్నారు మామయ్య. మా బస్తీలో అందరి మాటా అదే.

"బొక్క వంగదు, పన్నే పగులుతది పెద్దాయనా. గోరు గుచ్చితే నొక్కు పడనిదేదీ నమలనియ్యొద్దు."

రక్తపరీక్ష, మత్తు, ఎక్స్‌రే. పన్నును ముక్కలుగా కోసి ఒక్కో వేరూ పీకారు. కుట్లు వాటంతటవే కరిగిపోయేవి. అదే మత్తులో మిగతా పళ్ల గార కూడా గీకేశారు. పాలల్లో నానిన బిస్కెట్లు, మెత్తటి అన్నం పంటిని రుద్దవు, చిగుళ్ల పక్కన పాచి మిగిలిపోతుంది. కుక్క లాలాజలానికి క్షారగుణం ఎక్కువ. అందుకే మనలా పళ్లు పుచ్చడం తక్కువ గానీ పాచి మాత్రం తొందరగా గారకడుతుంది.

ఆ రాత్రంతా మత్తు దిగక మూలుగుతూనే ఉంది. మేమెవరం పడుకోలేదు. నొప్పి మందులు, చికెన్ కలిపి మెత్తగా పిసికిన అన్నం. వాపు తగ్గాక గిన్నె నాకే చప్పుడు మళ్లీ వంటింటిదాకా వినిపించింది.

డ్రై ఫుడ్ వేస్తే పళ్లు అవే శుభ్రపడతాయని షాపులో చెబుతారు. నాకు నమ్మకం లేదు. మామూలు గింజ పంటి కొస తగలగానే పుటుక్కున విరుగుతుంది, చిగురుదాకా పోదు. పళ్ల కోసం చేసినది వేరు: గింజ పెద్దది, పన్ను లోపలికి దిగాకే విరుగుతుంది. పిల్లులకూ ఇదే లెక్క. ఏది పెట్టినా బ్రష్ తప్పదు. మన పేస్టు మాత్రం వాడకూడదు, అవి ఉమ్మవు, మింగేస్తాయి. జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్నదైతే కుక్కకు విషమే.

ఇప్పుడు పెట్ షాపుకి మామయ్యే వెళ్తున్నారు. ప్రతి నమిలే బొమ్మకీ బొటనవేలి గోరు గుచ్చి చూస్తుంటే షాపతను ఒకటే విసుక్కుంటున్నాడట.